పెరట్లో తొమ్మిదేళ్ళు

ఒటకార్‌ది ఐరన్ లెగ్ అన్న మాట మొదట అన్నది నేనే. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మా ఊళ్ళో ఈ సంగతి ఎవరికీ తెలియదు. వాడు పుట్టుకతోనే అలాంటివాడనీ, వాడి కళ్ళు పడితే గెలిచే జట్టు కూడా ఓడిపోతుందనీ అందరి నమ్మకం. ఇప్పుడు నేను వెళ్ళి కాదన్నా వినేవాడు లేడు. అది నా నోట్లోంచి ఊడిపడిన మాట. అదీ ఒక కుర్చీ కోసం.

మాది చెక్ దేశంలో ఒక చిన్న ఊరు, అక్కడ బ్లజేనా అనే ఆవిడ నడిపే పబ్‌లో టీవీకి ఎదురుగా ఉన్న మంచి కుర్చీ ఒక్కటే. మిగతావాళ్ళం బెంచీల మీద సర్దుకునేవాళ్ళం. నా చోటు స్తంభం వెనకాల. అక్కణ్ణించి తెరమీద ఎడమ చివరి గోల్ కనబడదు. ఐస్ హాకీ ఆట మూడు పీరియడ్లు, పీరియడ్ పీరియడ్‌కీ జట్లు వైపులు మారతాయి కదా. మనవాళ్ళు మొదటి పీరియడ్‌లోనూ మూడో పీరియడ్‌లోనూ ఎడమవైపు కొడితే ఇక ఆ సాయంత్రం నా గతి అంతే. మనవాళ్ళు గోల్ తినడం కళ్ళారా చూడొచ్చు, కొట్టడం మాత్రం పక్కవాడి అరుపు విని తెలుసుకోవాలి. నాది మాంసం కొట్టు. తెల్లారకముందే లేచి పందిని ముక్కలు చేసి, రోజంతా కత్తి పట్టుకుని, సాయంత్రం వచ్చి స్తంభాన్ని చూస్తూ కూర్చోవడానికా నేను డబ్బులు పోసి బీరు తాగేది?

కుర్చీ ఒటకార్‌ది. గంట ముందే వచ్చి కూర్చునేవాడు, అందుకని వాడిదైంది. మేమిద్దరం బడిలో ఒకే బెంచీ. వాడు మా ఊరి స్టేడియంలో ముప్పై ఒక్క ఏళ్ళు మంచు పనివాడిగా చేశాడు. పీరియడ్‌కీ పీరియడ్‌కీ మధ్య జనమంతా బీరు కోసం లేచిపోయినప్పుడు, ఆ ఖాళీ మైదానంలో పెద్ద బండి నడుపుతూ గీతలు పడిన మంచుమీద వేడినీళ్ళు పరిచి అద్దంలా చేసేవాడు. హాకీ గురించి వాడికి తెలిసినంత మా జిల్లాలో ఇంకొకరికి తెలియదు. పాడు అలవాటేమిటంటే, తెలిసిందంతా పైకి చెప్పేవాడు. "ఇప్పుడు వెనక్కిస్తాడు చూడండి," అనేవాడు, వెనక్కే ఇచ్చేవాడు. "ఆ మూల మంచు మెత్తబడింది, పక్ అక్కడ ఆగిపోతుంది," అనేవాడు, ఆ నల్ల రబ్బరు బిళ్ళ సరిగ్గా అక్కడే ఆగేది. పదిమంది నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే వాడొక్కడు ముందే చదివేసినవాడిలా చెబుతుంటే నాకు ఒళ్ళు మండేది. మంచివాడు. నోట్లో వేలు పెట్టినా కొరకడు. అందుకే ఇంకా మండేది.

ఆ ఏడాది ప్రపంచ పోటీల్లో క్వార్టర్ ఫైనల్, స్వీడన్‌తో. ఒకటి ఒకటిగా ఉంది ఆట. వాడు ఒంటికి వెళ్ళాడు. పబ్ మరుగుదొడ్డి పెరట్లో ఉంటుంది. వాడటు వెళ్ళగానే మనవాళ్ళు గోల్ కొట్టారు. వాడు ప్యాంటు సర్దుకుంటూ వచ్చి కూర్చున్నాడో లేదో, స్వీడన్ వాళ్ళు సమం చేశారు. నేను స్తంభం వెనక నుంచి, "చూశార్రా, వీడిది ఐరన్ లెగ్. వీడు లోపలికి అడుగుపెట్టాడు, గోల్ పడింది," అన్నాను. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. రెండు రెండు మీద సమయం అయిపోయి అదనపు ఆట మొదలైంది, అందులో ముందు గోల్ కొట్టినవాళ్ళదే గెలుపు. "ఇంకోసారి వెళ్ళిరా ఒటకార్, దేశం కోసం," అన్నాను. వాడు గ్లాసు పట్టుకుని నవ్వుతూనే లేచి వెళ్ళాడు. నేను లేచి వెళ్ళి వాడి కుర్చీలో కూర్చున్నాను. రెండు నిమిషాల్లో మనవాళ్ళు గోల్ కొట్టి ఆట గెలిచారు. ఆ గోల్ మొత్తం, మొదటి నుంచి చివరిదాకా, అడ్డం లేకుండా చూశాను నేను.

ఆ తర్వాతి ఆట రోజున వాడు తలుపు దగ్గరికి రాగానే క్విదో మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు. క్విదో మాస్టారు మా ఊరి బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైనాయన. లెక్కల మనిషి కదా, ఆయనైనా నవ్వి కొట్టిపారేస్తారనుకున్నాను. "రెండుకు రెండు, నాయనా. కాకతాళీయం అనడానికి లేదు," అన్నారాయన. ఒటకార్ పెరట్లో ఖాళీ పీపాల మధ్య కూర్చున్నాడు. ఆ ఏడాది మనకు కాంస్యం వచ్చింది. ఇక అదే చట్టమైపోయింది.

అలా తొమ్మిదేళ్ళు. ప్రతి మే నెలలో, ప్రపంచ పోటీలు వచ్చినప్పుడల్లా, వాన పడితే చూరు కింద, ఎండ కాస్తే పీపా మీద. లోపల కిటికీకి తెర లాగేసేవాళ్ళం, పొరపాటున కూడా వాడి చూపు టీవీ మీద పడకూడదని. వాడు దెబ్బలాడలేదు. అదే నాకు మింగుడుపడేది కాదు. తిట్టి ఉంటే, ఒక్కసారి తోసుకుని లోపలికి వచ్చి ఉంటే, నేనే నిజం ఒప్పుకునేవాణ్ణేమో. వాడు నమ్మేశాడు. ఒక ఏడు వాడు బయట ఉన్నా మనవాళ్ళు మొదటి వారంలోనే ఇంటికి వచ్చేశారు. అందరూ వాణ్ణి నిలదీశారు. వాడు తలవంచుకుని, ఇంట్లో వంటింటి టీవీలో ఒక్క పీరియడ్ చూశానని ఒప్పుకున్నాడు. మర్నాడే టీవీ తీసుకెళ్ళి వాళ్ళక్క యర్మిలాకిచ్చేశాడు. రేడియో కూడా. ఆ పోటీల పదిహేను రోజులూ పేపరు కూడా అడ్డంగా మడిచి, ఆటల వార్తలుండే వెనక పేజీ కనబడకుండా చదివేవాడు.

మేము మరుగుదొడ్డికి వెళుతూ వస్తూ వాడికి ఆట సంగతులు చెప్పేవాళ్ళం. స్లావెక్ అని పంపుల పని చేసేవాడు ఒకడున్నాడు, మా అందరికన్నా చిన్నవాడు. వాడికిదొక సరదా. మనం గెలుస్తుంటే, "మూడు తిన్నాం బాబాయ్, ఇక అయిపోయింది," అని మొహం వేలాడేసుకుని చెప్పేవాడు. ఒటకార్ మొహం పాలిపోయేది. లోపలికి వచ్చి ఆ మొహాన్ని వాడు అభినయించి చూపిస్తే మేమంతా పగలబడి నవ్వేవాళ్ళం. నేనూ నవ్వాను. కానీ కొన్నేళ్ళకి ఒటకార్ మోసపోవడం మానేశాడు. గోడ అవతలి అరుపుని బట్టే తెలుసుకునేవాడు, కొట్టింది మనమో వాళ్ళో, పక్ కడ్డీకి తగిలిందో లోపలికి వెళ్ళిందో. ఆట అయ్యాక మేము బయటికి వచ్చి గోల్ ఎలా పడిందో తలా ఒక రకంగా చెబితే, అన్నీ విని, "అలా కుదరదురా, ఆ కోణంలో కర్ర తిరగదు. ఇలా పడి ఉంటుంది," అని చేత్తో గాల్లో గీసి చూపించేవాడు. సరిగ్గా అలాగే పడి ఉండేది. కళ్ళతో చూసిన మాకంటే వాడికే బాగా కనబడేది.

తొమ్మిదో ఏడు మనవాళ్ళు ఫైనల్‌కి వచ్చారు. పధ్నాలుగేళ్ళయింది స్వర్ణం చూసి. ఫిన్లాండ్‌తో ఆట, ఆదివారం సాయంత్రం ఆరింటికి. ఊరు ఊరంతా జెండాలే. చర్చి మెట్ల మీద కూడా ఒకటి కట్టారు. ఆ పొద్దున నేను ఇంటి వెనక పొగగూట్లో సాసేజ్‌లు వేలాడదీస్తుంటే ఒటకార్ వచ్చాడు. సగమైపోయాడు మనిషి. వాడి ఒంట్లో బాగాలేదని విన్నానుగానీ అంతగా అనుకోలేదు. కోటు వాడిది కాదేమో అన్నట్టుంది.

ఆగస్టు దాకా అన్నాట్ట డాక్టరు. ప్లమ్ పళ్ళు పండేదాకా ఉంటానంటారా అని వాడడిగితే, చెప్పలేం అన్నాట్ట. ఇదంతా వాన వస్తుందేమో అన్నంత మామూలుగా చెప్పాడు. నేను కత్తి పక్కన పెట్టాను. ఒక సాసేజ్ తుంచి ఇచ్చాను. వాడు వాసన చూసి, తినలేనని చేతిలోనే పట్టుకున్నాడు.

"ఒరేయ్ రాడిమ్," అన్నాడు. "ఇవాళ్టి ఆట చూడాలనుందిరా. అయిపోయాక మనవాళ్ళు గీత మీద వరసగా నిలబడతారు చూడు, జెండా పైకి వెళుతుంది. అది చూసి తొమ్మిదేళ్ళయింది. ఈ ఒక్కసారికి నన్ను లోపల కూర్చోనివ్వమని వాళ్ళకి చెప్పవా? నీ మాటయితే వింటారు."

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఒరేయ్ పిచ్చోడా, అదంతా నేను కుర్చీ కోసం ఆడిన అబద్ధం, వెళ్ళి నీ చోట్లో నువ్వు కూర్చో. ఇంతే అనాల్సింది. పొగ గూట్లోంచి వస్తోంది, కళ్ళు మండుతున్నాయి. ఆ క్షణంలో నా బుర్రలో తిరిగిందేమిటో దాచకుండా చెబుతాను. వీడు బయట కూర్చున్న తొమ్మిదేళ్ళలో రెండు కాంస్యాలు, ఒక రజతం. దానికి ముందు వీడు లోపల కూర్చున్న అయిదేళ్ళలో సున్నా. ఏమో. నేను పుట్టించిన అబద్ధమే, కానీ పుట్టాక అది నన్నడిగి పెరగలేదు కదా. స్వర్ణం ముందు పెట్టుకుని పరీక్షలు చేస్తామా?

"చెబుతాన్రా. నేను మాట్లాడతాను," అన్నాను. వాడు సాసేజ్ జేబులో పెట్టుకుని వెళ్ళాడు, తర్వాత తింటానన్నాడు.

అయిదింటికల్లా పబ్ నిండిపోయింది. మా బల్ల దగ్గర ఏడుగురం. ఒటకార్ తలుపు దగ్గర టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. నేను మాటిచ్చాను కాబట్టి చెప్పాను. ఎలా చెప్పానంటే, ఒటకార్‌కి ఒంట్లో బాగాలేదు, ఇవాళ లోపల కూర్చుంటానంటున్నాడు, మీరంతా ఏమంటారో చూడండి అన్నాను. నా అభిప్రాయం చెప్పలేదు.  బ్లజేనా గ్లాసులు పెడుతూ, చావబోయే మనిషి కూర్చుంటే మీ సొమ్మేం పోయింది, సిగ్గులేదా మీకు, ఇన్నేళ్ళూ కుక్కని కట్టేసినట్టు పెరట్లో కట్టేశారు, అని గట్టిగానే అంది. ఆమెకి హాకీ అంటే పడదు. అందుకని ఆమె మాటకి మా దగ్గర విలువ లేదు.

క్విదో మాస్టారు గొంతు సవరించుకున్నారు. ఒటకార్ మీద తనకెంత గౌరవమో ముందు చెప్పారు. తర్వాత, ఇది ఒక మనిషి కోరికకీ కోటి మంది కోరికకీ మధ్య లెక్క అన్నారు. స్లావెక్ మొహమాటపడలేదు. "బాబాయ్ మామూలుగా ఉన్నప్పుడే ఆ పవరు. ఇప్పుడు చావు కూడా పక్కనే పెట్టుకుని వస్తానంటే ఎలాగండీ?" అన్నాడు. ఒకరిద్దరు నవ్వి, వెంటనే నవ్వు మింగేశారు.

ఓటు పెడదామన్నారు మాస్టారు. మా దగ్గర గ్లాసు కింద వేసే అట్టముక్క తీసి గ్లాసు మీద మూతపెడితే ఇక చాలు, బీరు పొయ్యొద్దని అర్థం. అలాగే, ఒటకార్ వద్దనుకునేవాడు గ్లాసు మీద అట్ట పెట్టాలి. మాస్టారు పెట్టారు. స్లావెక్ పెట్టాడు. రొట్టెల బట్టీ ఆయన పెట్టలేదు. ఆయన పక్కనున్న ఇద్దరూ పెట్టలేదు. ఆ తర్వాతవాడు కాసేపు ఒటకార్ వైపు చూసి, మొహం తిప్పుకుని పెట్టాడు. మూడూ మూడూ. మిగిలింది నేను.

ఒటకార్ నావైపు చూస్తున్నాడు. వాడి మొహంలో భయం కూడా లేదు. తన పని అయినట్టే అనుకున్నాడు, నేను మాటిచ్చాను కదా. నేను కూర్చున్నది వాడి కుర్చీలో. ఎదురుగా టీవీలో మనవాళ్ళు మంచు మీద చక్కర్లు కొడుతున్నారు. అట్టముక్క తీసి గ్లాసు మీద పెట్టాను.

 ఒటకార్ నా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు చేసింది కరెక్టేరా," అన్నాడు. "నేనైనా అదే చేసేవాణ్ణి." తర్వాత టోపీ పెట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు. బ్లజేనా వెళ్ళి కిటికీ తెర లాగింది, మేము చెప్పకుండానే, కోపంగా.

మొదటి పీరియడ్‌లో వాళ్ళు కొట్టారు. రెండో పీరియడ్ చివర్లో మనవాళ్ళు సమం చేశారు. పబ్ అంతా ఒక్కసారి లేచింది. బల్లల మీద కొందరు, బెంచీల మీద కొందరు, "ఎగరనివాడు చెక్ వాడే కాదు, హోప్ హోప్ హోప్," అని దూకుతున్నారు. అలా అరుస్తున్నప్పుడు దూకకపోతే తప్పు, ఎంత ముసలాడైనా కాలైనా కదపాలి. ఆ సందట్లో నేను ఒంటికి వెళ్ళాను. పెరట్లో ఒటకార్ నీళ్ళగొట్టం పట్టుకుని ఎగురుతున్నాడు. పాదాలు నేలనుంచి లేస్తున్నాయంటే లేస్తున్నాయి, అంతే. ఒక చెయ్యి కడుపు మీద అదిమి పట్టుకున్నాడు. నన్ను చూసి, "కుడి మూలనుంచి కదూ? గోల్‌కీపర్ కాళ్ళ మధ్య నుంచి?" అన్నాడు. అవునన్నాను. అది నిజంగానే కాళ్ళ మధ్య నుంచే పడింది.

మూడో పీరియడ్ అంతా ఊపిరి బిగబట్టుకునే చూశాం. గోల్ లేదు, గోల్ లేదు, గోల్ లేదు. రెండు నిమిషాలున్నాయి. ఒక నిమిషం. మనవాడొకడు పక్ తీసుకుని వాళ్ళ వైపు దూసుకుపోయాడు, కర్ర ఎత్తాడు, కొట్టాడు, కడ్డీకి తగిలి వెనక్కి వచ్చింది. వెనక్కి వచ్చిన పక్ వాళ్ళ చేతికి దొరికింది. ఇద్దరు ఫిన్లాండ్ వాళ్ళు, మనవాడొక్కడు. ముప్పై నాలుగు సెకన్లు మిగిలి ఉండగా మన వల కదిలింది.

 టీవీలో అరుస్తున్నవాళ్ళంతా నీలం చొక్కాలవాళ్ళు. మిగిలిన సెకన్లు ఎలా గడిచాయో నాకు గుర్తులేదు. క్విదో మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నారు, అవి తడిగా లేకపోయినా.

అప్పుడు వంటింటి వైపు తలుపు తెరుచుకుంది. ఒటకార్ వచ్చి నిలబడ్డాడు. వాడి వెనకాల బ్లజేనా చెయ్యి కనబడింది, చొక్కా పట్టుకుని వెనక్కి లాగుతోంది. వాడు విడిపించుకుని రెండడుగులు ముందుకి వేశాడు. టోపీ తీశాడు.

"నేను చూశాను," అన్నాడు. "చివర్లో. వంటింటి కిటికీలోంచి. కొద్దిసేపే."

చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. వంటింట్లోంచి గదిలోకి ప్లేట్లు అందించే కిటికీ తలుపు తెరిచి, రా నాయనా ఇక్కణ్ణించి చూడు, వాళ్ళకి తెలియదులే అన్నది బ్లజేనా అని నాకు ఆమె మొహం చూడగానే అర్థమైంది. వాడు ఆమె పేరు చెప్పలేదు. ఆమె కూడా చెప్పలేకపోయింది. అప్పుడు ఆ గదిలో ఉన్న కోపం అలాంటిది.

స్లావెక్ లేచి గ్లాసులో మిగిలిన బీరు వాడి మొహాన కొట్టాడు. వాడు తుడుచుకోలేదు. వెనక బెంచీల్లోంచి ఎవరో, కోటి మందికి ఒక్క సాయంత్రం, ఒక్క సాయంత్రం ఆగలేకపోయావా అని ఏడుపు గొంతుతో అన్నారు. మాస్టారు కళ్ళద్దాలు పెట్టుకుని, "నీకు మేము చెప్పింది ఒకే ఒక్క పని ఒటకార్," అన్నారు. వాడు ప్రతి మాటకీ తలూపుతున్నాడు.

తర్వాత ఎవరు మొదలుపెట్టారో తెలియదు. స్లావెక్ కావచ్చు. మెల్లగా చప్పట్లు మొదలయ్యాయి, ఆ తర్వాత అరుపు. ఎగరనివాడు చెక్ వాడే కాదు. అందరూ వాడి చుట్టూ చేరారు, వాడివైపే చూస్తూ, ఎవరూ ఎగరకుండా. హోప్. వాడికి అర్థమైంది. టోపీ బల్ల మీద పెట్టి ఎగిరాడు. హోప్. మళ్ళీ ఎగిరాడు. బీరు వాడి గడ్డం నుంచి కారుతోంది. హోప్. కడుపు మీద చెయ్యి వేసుకుంటే స్లావెక్ ఆ చెయ్యి తీసేశాడు. బ్లజేనా మధ్యలో దూరబోతే ఎవరో అడ్డం నిలబడ్డారు. నేనెక్కడున్నానంటే, కుర్చీలోనే ఉన్నాను. చప్పట్లు కొడుతున్నాను. మానేస్తే నావైపు చూస్తారనిపించింది. ఏడోసారో ఎనిమిదోసారో వాడు లేచాడుగానీ, దిగినప్పుడు కాళ్ళు నిలబడలేదు. బల్ల అంచు పట్టుకోబోయి, నా గ్లాసు లాక్కుంటూ నేలమీద పడ్డాడు. అప్పుడుగానీ అరుపు ఆగలేదు. అంబులెన్స్‌కి ఫోన్ చేసింది బ్లజేనా. మేమంతా ఎవరి డబ్బులు వాళ్ళు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాం.

వాడు మళ్ళీ ఇంటికి రాలేదు. ఆగస్టు దాకా అన్న డాక్టరే ఇప్పుడు జూన్ చివరిదాకా కూడా కష్టం అంటున్నాడని యర్మిలా మా కొట్టుకి వచ్చినప్పుడు చెప్పింది. వాడు నిన్నడుగుతున్నాడు, ఒకసారి వెళ్ళిరా అంది. వారం రోజులు ఏదో ఒక సాకు చెప్పాను. తర్వాత వెళ్ళాను. ఎముకల సూప్ సీసాలో పోసుకుని వెళ్ళాను, వాడు ఏమీ తినడం లేదని తెలిసి కూడా.

ఆసుపత్రి గదిలో టీవీ ఉంది. వాడు దాన్ని గోడవైపు తిప్పించుకున్నాడు. నన్ను చూడగానే లేవబోయాడు, చేతకాలేదు. కూర్చోబెట్టాను. కాసేపు ఊరి కబుర్లు చెప్పాను. స్టేడియం పైకప్పు బాగుచేస్తున్నారని చెప్పాను. వాడు వినడం లేదు.

"రెండు నిమిషాలు ఆగలేకపోయానురా," అన్నాడు. "తొమ్మిదేళ్ళు ఆగినవాణ్ణి. కడ్డీకి తగిలిందే, అది నేను చూసినప్పుడే తగిలింది. నేను చూడకపోతే లోపలికి వెళ్ళేది. అది కొట్టిన కుర్రాడికి ఇరవై రెండేళ్ళు, జీవితమంతా దాన్నే తలుచుకుంటాడు. రోజూ వాడే కళ్ళముందుకి వస్తున్నాడు." దిండు మీద తల నావైపు తిప్పాడు. "మిగతావాళ్ళని అడిగే మొహం లేదు నాకు. నువ్వొక్కడివి చెప్పు. నువ్వైనా నన్ను క్షమించావా?"

వాడి చెయ్యి నా చేతిలో ఉంది. ఎముకలే. గదిలో ఇంకెవరూ లేరు. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం నాకు జన్మలో దొరకదు. నోరు తెరిచాను కూడా. కానీ చెబితే ఏమవుతుంది? తొమ్మిది మే నెలలు వానలో, పీపాల మధ్య, ఎందుకూ పనికిరాకుండా కూర్చున్నానని తెలుస్తుంది వాడికి. చచ్చే ముందు మనిషికి అది చెప్పడం పాపం కాదా? ఇలా అని నాకు నేను చెప్పుకున్నాను. ఎంత బాగా దొరికిందో చూడండి నాకు సాకు. నిజమేమిటంటే, వాడు నన్ను అసహ్యించుకుంటూ చావడం నాకిష్టం లేదు. అంతే.

"క్షమించాన్రా," అన్నాను.

వాడు ఏడ్చాడు. పెద్దగా ఏమీ లేదు, కళ్ళ చివర్లనుంచి నీళ్ళు దిండు మీదికి జారాయి. నా చేతిని పైకి లాక్కుని ముద్దు పెట్టుకున్నాడు. నువ్వు మంచివాడివిరా, నీ మేలు మర్చిపోను అన్నాడు. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. పర్వాలేదులే అన్నాను.

వెళ్ళబోతుంటే ఇంకొక్క మాట అన్నాడు. తను పోయాక గుండెల మీద సింహం బొమ్మ ఉన్న జాతీయ జట్టు జెర్సీ తొడిగి పంపించాలని వాళ్ళక్కకి ఎప్పుడో చెప్పి పెట్టాట్ట. ఇప్పుడది వద్దని చెప్పమన్నాడు. "ఆ సింహం బొమ్మ వేసుకునే అర్హత నాకు లేదు. మామూలు కోటు చాలు. నేను చెబితే ఏడుస్తుంది, నువ్వు చెప్పు," అన్నాడు. సరేనన్నాను.

నాలుగు రోజులకి పోయాడు. దహనశాలకి పబ్‌వాళ్ళలో నేను కాక బ్లజేనా ఒక్కతే వచ్చింది, నాతో మాట్లాడలేదు. యర్మిలా ఒక సంచి చంకలో పెట్టుకుని వచ్చింది. అందులో జెర్సీ, ఉతికి, ఇస్త్రీ చేసి, సింహం పైకి కనబడేలా మడత పెట్టి ఉంది. నేను వాడి మాట చెప్పాను. ఆమె నమ్మలేదు. చిన్నప్పటినుంచీ వాడికి ఇదే కదా ప్రాణం, వాడెందుకు వద్దంటాడు అంది. లోపలినుంచి మనిషి వచ్చి ఇక టైమైందన్నాడు. ఆమె నా మోచెయ్యి పట్టుకుంది.

"నిజం చెప్పు నాయనా, వాడే అన్నాడా? ఎందుకు అన్నాడు?"

"వాడే అన్నాడమ్మా," అన్నాను. "ఎందుకో నాకు తెలియదు."

ఆమె సంచి మూతి ముడివేసింది. వాణ్ణి గోధుమరంగు కోటుతోనే లోపలికి పంపారు.